విశ్రాంతి జీవనము - జీవిక, గృహము, యాత్ర

ప్రతి మాసాంతమునను మన పాఠశాలలలోను, కచ్చేరీలలోను, బ్యాంకులలోను, కర్మాగారములలోను ఒక చిన్న యుత్సవము జరుగుచుండును. ముప్పది యేండ్లు కొలువు చేసినవారికి శాలువ కప్పుదురు, పూలదండ వేయుదురు, ఇక హాయిగా విశ్రమింపుడనియు, కాశీ రామేశ్వరములు చూచి రండనియు మిత్రులు పలుకుదురు. మఱునాటి యుదయమున ఆ దంపతుల యెదుట మూడు ప్రశ్నలు నిలుచును. చేతికి వచ్చిన సొమ్ముతో ఎన్నాళ్లు బ్రదుకగలము? పిల్లలు వెడలిపోయిన యీ పెద్దయింటిని నిలుపుకొందుమా, అమ్మి చిన్నయింటికి మాఱుదుమా? కాళ్లలో సత్తువ యుండగా చూడదలచిన దేశమును చూచుట యెట్లు? ఇవి వేర్వేఱు ప్రశ్నలుగా కనబడును గాని, మూడింటికిని సొమ్ము రావలసినది ఒక్క సంచిలోనుండియే. ఈ మూడింటి వరుస తప్పుటవలననే పెక్కు కుటుంబములు వార్ధకమున చిక్కులలో పడుచున్నవని మా యభిప్రాయము. కావున నేడీ విషయమును మా పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఇది కొందఱి యింటిగొడవ యని త్రోసివేయదగినది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున అరువదియేండ్లు నిండినవారు 10 కోట్ల 38 లక్షలమంది. నాటినుండియు ఆ సంఖ్య పెరుగుచునే యున్నది. అరువదవయేట నున్నవారికి సగటున మఱి పదునెనిమిదేండ్ల యాయుర్దాయము కలదని అధికార గణాంకములు తెలుపుచున్నవి. సగటు పదునెనిమిది యనగా, ఇరువది, ఇరువదియైదేండ్లు బ్రదుకువారు పెక్కుమంది కలరనియే గదా యర్థము. తెలంగాణమున 2021లో విరమణ వయస్సును 61 కిని, ఆంధ్రప్రదేశమున 2022 జనవరినుండి 62 కిని పెంచిరి. అయినను జీతము లేని కాలము జీతమున్న కాలములో సగమునకు తక్కువ కాకున్నది.

పూర్వము ప్రభుత్వోద్యోగికి ఈ చింత యింతగా లేకుండెను. తుది జీతములో సగము పింఛనుగా వచ్చెడిది; ధరలతోపాటు కరవుభత్యము పెరిగెడిది; అతని యనంతరము భార్యకు కుటుంబ పింఛను దక్కెడిది. 2004 జనవరి 1 తరువాత కొలువులో చేరిన కేంద్రోద్యోగులకును, అదే సంవత్సరము సెప్టెంబరు 1 తరువాత చేరిన ఆంధ్రప్రదేశ ప్రభుత్వోద్యోగులకును ఆ భరోసా పోయినది. సి.పి.యస్. అని మనవారు పిలుచు నూతన పద్ధతిలో ఉద్యోగియు ప్రభుత్వమును నెలనెల చందా కట్టుదురు. విరమించునాటికి పోగైన సొమ్ములో కనీసము 40 శాతముతో యాన్యుటీ కొనవలయును. దానిపై వచ్చు నెలసరి మొత్తము సామాన్యముగా ధరలనుబట్టి పెరుగదు. 2025 ఏప్రిల్ 1 నుండి కేంద్ర ప్రభుత్వము ఏకీకృత పింఛను పథకమును ప్రవేశపెట్టి, ఇరువదియైదేండ్ల సేవ చేసినవారికి తుది పండ్రెండు నెలల మూలవేతనపు సగటులో సగము ఇచ్చుటకు సమ్మతించినది. ఇరువదియేండ్ల పిమ్మట జరిగిన యీ పని, వెనుకటి మార్గమున లోపము కలదని యొప్పుకొనుటయే.

ప్రైవేటు సంస్థలలో పనిచేసినవారి స్థితి మఱింత విచారకరమైనది. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకములో కనీస పింఛను నెలకు 1,000 రూపాయలని 2014 సెప్టెంబరులో నిర్ణయించిరి. పదియేండ్లు నిండువఱకును ఆ సంఖ్య కదలలేదు. 15,000 రూపాయల పరిమితి వేతనముపై చందా కట్టినవానికి, ముప్పదియైదేండ్ల సేవ లెక్కకు వచ్చినను, పింఛను 7,500 రూపాయలకు మించదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము చందా యేమియు కట్టని నిరుపేద వృద్ధులకు 2024 జులైనుండి నెలకు 4,000 రూపాయలిచ్చుచున్నది. పేదల కిచ్చుదానిని మేము ఆక్షేపింపము, అది యుచితమైనదే. కాని చెమటోడ్చి, చందా కట్టి, దేశమునకు సరకులు తయారుచేసిన కార్మికునకు అందులో నాలుగవవంతు దక్కుట యే న్యాయము?

ఇట్టి స్థితిలో విరమించువారు మొట్టమొదట నేర్వవలసినది లెక్క. ఒక యుదాహరణము చూతము. ఒక యుద్యోగి తనకు వచ్చిన గ్రాట్యుటీ, భవిష్యనిధి మొత్తములనుండి 30 లక్షలు వయోవృద్ధుల పొదుపు పథకములో వేసెననుకొందము. అది ఆ పథకమున ఒక్కరు వేయదగిన గరిష్ఠ పరిమితి. 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన 8.2 శాతపు వడ్డీ చొప్పున అతనికి మూడు నెలలకు 61,500 రూపాయలు, అనగా నెలకు 20,500 వచ్చును. స్వంత యిల్లున్న దంపతులకు ఇది నేడు చాలునని తోచవచ్చును. కాని ధరల పెరుగుదలను 4 శాతమువద్ద నిలుపుట రిజర్వు బ్యాంకునకు నిర్ణయించిన లక్ష్యము. 6 శాతము దానికి పై హద్దు. ఏటేట 4 శాతము పెరిగిన ధరలు పదునెనిమిదేండ్లలో రెట్టింపగును. 6 శాతము పెరిగినచో పండ్రెండేండ్లకే రెట్టింపగును. పండ్రెండేండ్లనగా మన గోదావరికి ఒక పుష్కరము. ఒక పుష్కరమునాడు 20,500 రూపాయలతో గడపిన సంసారమును మఱు పుష్కరమునాడు అదే సొమ్ముతో గడపబోయినచో అది 10,250 రూపాయలపాటి చేయును. అరువదిరెండవయేట చాలినది డెబ్బదినాలుగవయేట చాలదు. ఆ వయస్సుననే మందుల ఖర్చు పెరుగును. సంపాదించు శక్తి యుండదు. వడ్డీయంతయు తినువాడు తనకు తెలియకయే అసలును తినుచున్నవాడు.

కావున మొదటిస్థానము జీవికది. బియ్యము, పప్పు, విద్యుత్తు, మందులు, పనివారి జీతము - ఈ నిత్యవ్యయమంతయు పింఛను, వడ్డీవంటి స్థిరాదాయముతో తీరి, అందులో కొంత వెనుకకు వేసికొనగలిగిన పిమ్మటనే తక్కిన రెండింటి మాట. పింఛనుదారులు మూలపింఛనులో 40 శాతమువఱకు ముందుగనే మొత్తముగా తీసికొనవచ్చును. దాని ఫలితముగా పదునైదేండ్లు తగ్గిన పింఛనుతో గడపవలయును. ఆ మొత్తము కుమారుని ఫ్లాటునకో, కుమార్తె వివాహమునకో ఒక్కవారములో వెళ్లిపోవుట మన యిండ్ల పరిపాటి. పిల్లలకు మేలుచేయవలదని మేము చెప్పుటలేదు. తమ తిండిగింజలను విత్తనములుగా పంచిపెట్టవలదని మాత్రమే చెప్పుచున్నాము. యాన్యుటీ కొనువారు భర్త యనంతరము భార్యకును దక్కునట్టిదానినే యెన్నుకొనవలయును. దానిలో నెలసరి కొంచెము తగ్గినను, ఒంటరిగా మిగిలిన యాడుదానికి అదియే యాధారము.

అధిక వడ్డీకి ఆశపడుట మఱియొక ప్రమాదము. అగ్రిగోల్డ్ కూలిన 2014, 2015 సంవత్సరములలో లక్షలాది మదుపరులు పడిన యవస్థ తెలుగువారు మఱువరానిది. వారిలో కూలినాలి చేసికొన్నవారితోపాటు పదవీ విరమణపు సొమ్మంతయు నొకచోటనే పెట్టినవారును కలరు. బ్యాంకులలో దాచినను, 2020 ఫిబ్రవరినుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు వడ్డీలు కలిపి 5 లక్షల వఱకే బీమా రక్షణ కలదను మాట జ్ఞప్తియందుంచుకొనవలయును. రోగమునకును ముందే దారి చూచుకొనవలయును. డెబ్బదియేండ్లు నిండినవారికి 2024 అక్టోబరునుండి కేంద్ర ప్రభుత్వము ఆదాయముతో నిమిత్తము లేక కుటుంబమునకు ఏటా 5 లక్షల వఱకు ఉచిత వైద్యము కల్పించినది. విరమణకును డెబ్బదికిని నడుమనున్న కాలమునకు మాత్రము ఎవరి యారోగ్య బీమా వారే చూచుకొనవలసి యున్నది.

ఇక గృహము మాట. ఐదుగురికై కట్టిన యింట ఇద్దఱు మిగిలిరి. మేడమెట్లు మోకాళ్లకు భారము. వాననీరు కాఱినప్పుడెల్ల మేస్త్రీని పిలువవలయును. మూసియుంచిన గదులకు సున్నమునకును పన్నునకును లోటులేదు. అట్టి యింటి నమ్మి చిన్నదానికి మాఱుట వివేకమే. పెద్దలిచ్చిన యిల్లమ్మరాదను మాటను మేము గౌరవింతుము గాని, పెద్దలు ఇల్లు కట్టినది సంతానము నిలుచుటకే గాని గోడలు నిలుచుటకు కాదు. అయితే ఈ మార్పునకు ఖర్చు కలదు. మన రెండు రాష్ట్రములలోను ఇల్లు కొనునప్పుడు స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషను సుంకములు కలిసి సుమారు ఏడున్నర శాతమగును. 80 లక్షల కిల్లమ్మి 45 లక్షలకు ఫ్లాటు కొన్నవారికి ఈ సుంకములకే 3,37,500 రూపాయలు పోవును. మధ్యవర్తి రుసుము, సామానుల తరలింపు, క్రొత్తయింటి మరమ్మతులు వేఱు. అమ్మకముపై వచ్చిన లాభమునకు ఆదాయపు పన్ను కలదు. రెండేండ్లలోపల మఱియొక యిల్లు కొన్నచో, కొత్తయింటిపై పెట్టినంతవఱకే ఆ లాభమునకు మినహాయింపు. మిగిలిన దీర్ఘకాల లాభముపై 2024 జులై 23 నుండి పన్ను పండ్రెండున్నర శాతము. అంతకు ముందు కొన్న యిండ్లకు ధరల సూచికను లెక్కించి 20 శాతము చెల్లించు పాత పద్ధతిని ఎన్నుకొను వీలు కలదు. కాబట్టి తెలిసిన ఆడిటరుతో లెక్క వేయించుకొనిన పిమ్మటనే బయానా పుచ్చుకొనుట మంచిది.

మాఱదలచినవారు అరువదిరెండు, అరువదియైదుల నడుమనే మాఱవలయును. ఎనుబదవయేట ఇల్లు ఖాళీచేయు శక్తి యుండదు. భర్త పోయిన తరువాత ఒంటరిగా నున్న స్త్రీ బేరమాడినచో కొనువారు ఆమె యవసరమునే చూతురు. క్రొత్తచోట ఒక యేడాది అద్దెకుండి చూచిన పిమ్మటనే పాతయిల్లు అమ్ముట మేలు. ఆసుపత్రి యెంత దూరము, లిఫ్టు కలదా, మంచిచెడ్డలకు పిలిచినచో పలుకువా రున్నారా యను మూడు విషయములు గది కొలతలకంటె ముఖ్యములు. స్వగ్రామమునకు పోయి ప్రశాంతముగా నుండెదమనుకొన్నవారు అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినచో పట్టణమునకు చేరు దూరమునుకూడ లెక్కలో చేర్చుకొనవలయును. అటకమీది ఇత్తడి గుండిగలు, పందిరిమంచములు, పాతపుస్తకములు ఎవరి కీయవలయునో బ్రదికియుండగా తామే యిచ్చుట తృప్తి. తరువాత అవి పాతసామానులవాని పాలగును.

ఇల్లు విడువ మనసొప్పనివారికి మఱియొక దారియు కలదు. 2007లో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు నియమములు చేసిన రివర్సు మార్టుగేజి పద్ధతి ననుసరించి, అరువదియేండ్లు నిండినవారు తమ యింటినే పూచీగా పెట్టి బ్యాంకునుండి నెలనెలకు సొమ్ము పొందవచ్చును. దంపతులిరువురును ఉన్నంతకాలము ఆ యింటనే యుందురు. వారి పిమ్మట వారసులు అప్పు తీర్చి ఇల్లు విడిపించుకొనవచ్చును. ఇది మన దేశమున వ్యాపింపలేదు. ఇల్లు పిల్లలకు చెందవలసినదను భావమును, బ్యాంకుల యనాసక్తియు ఇందుకు కారణములు.

ఇచ్చట మేము మిక్కిలి గట్టిగా చెప్పదలచిన మాట యొకటి కలదు. బ్రదికియుండగా ఉన్న యొక్క యింటిని పిల్లలపేర వ్రాసియిచ్చి నిరాధారులు కావలదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము ప్రకారము, పోషింతుమను షరతుపై ఆస్తి పుచ్చుకొని పోషింపనివారి దానపత్రమును ట్రిబ్యునలు రద్దు చేయవచ్చును. మన జిల్లాలలో ఈ ట్రిబ్యునలుకు రెవెన్యూ డివిజనలు అధికారి యధ్యక్షుడు. కాని ఆ షరతు కలదని రుజువు కావలెనని సుప్రీముకోర్టు 2022 డిసెంబరులో చెప్పినది. 2025 జనవరిలో అదే న్యాయస్థానము ఈ చట్టమును వృద్ధులకు మేలగునట్లు ఉదారముగా అన్వయింపవలెనని చెప్పి, ఒక తల్లి కుమారున కిచ్చిన దానమును రద్దు పఱచి ఇల్లు ఆమెకు ఇప్పించినది. తీర్పు సంతోషకరమే. అయినను కన్నకొడుకుపై వ్యాజ్యము వేసి గెలుచుట యే తల్లికి సుఖము? దానపత్రమునకు మాఱు వీలునామా వ్రాసినచో ఈ బాధ రాదు. అది వ్రాసినవారి యనంతరమే అమలగును, జీవించియుండగా మార్చుకొనవచ్చును. దానమే తప్పనిచో పోషణ షరతును, జీవితాంతము నివసించు హక్కును పత్రములో స్పష్టముగా వ్రాయింపవలయును. నమ్మకము లేక వ్రాయించుట కాదిది. నమ్మకము చెడకుండుటకై వ్రాయించుట.

తుదకు యాత్ర. జీవిక ముందు, యాత్ర వెనుక యనుటచే దానిని మేము తేలిక చేయుచున్నామని తలపరాదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీయైన యేనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి కాశీయాత్ర చేసి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. అప్పటి కాయన వయస్సు సుమారు ఏబది. 1836లో ఆయన పరమపదించెను. పనులన్నియు ముగియనిమ్మని వేచియున్నచో తెలుగువారికి ఆ యాత్రాచరిత్రయే యుండకపోయెడిది. "వచ్చే యేడు చూతము" అని ఏటేట వాయిదా వేసి, మోకాళ్లరిగిన తరువాత టిక్కెట్టు కొనువారిని మన మెందఱినో చూచుచున్నాము. చూడని దేశమునకై దాచిన సొమ్ము ఆసుపత్రి పాలగుట పొదుపు కాదు.

కావున విరమణకు తరువాతి యెనిమిది పదియేండ్లే దూరయాత్రలకు తగిన కాలము. హిమాలయములు, కాశీ, విదేశములు మొదట. తిరుపతి, భద్రాచలము, శ్రీశైలము తరువాత. ఇందుకు ప్రత్యేకముగా నొక నిధి నేర్పఱచుకొని, అది తీరిన యేట ఇంటనే యుండుట మేలు. ఇల్లమ్మగా మిగిలిన మొత్తములో అధికభాగము జీవికకు చేర్చి, కొద్దిభాగమును ఈ నిధి కుంచవచ్చును. అప్పుచేసి యాత్ర తగదు. యాత్రకై ఇల్లమ్ముట యంతకంటె తగదు.

అమెరికాలోని పిల్లలకడకు పోవువారికి ఒకమాట. సందర్శకులుగా వెళ్లినవారికి సామాన్యముగా ఒక్కసారి ఆరు నెలల వఱకు నివాసానుమతి లభించును. అచ్చట వైద్యము మిక్కిలి ఖరీదైనది. సందర్శకుల బీమాలలో పెక్కింటికి ముందునుండి యున్న మధుమేహము, గుండెజబ్బు వర్తింపవు, లేదా స్వల్పముగా వర్తించును. బీమా పత్రము చదువకుండ విమానమెక్కరాదు. మఱియు మనుమని సాకుటకై పిలిపించుకొన్న ప్రయాణమునకు యాత్ర యని పేరు పెట్టుట తగదు. అది ప్రేమతో చేయు సేవ. ఆ టిక్కెట్టు, ఆ బీమా పిల్లలే భరించుట ధర్మము. తల్లిదండ్రుల యాత్రానిధిలో దానిని వ్రాయరాదు.

ప్రభుత్వముల కర్తవ్యమును చెప్పక ముగించుట న్యాయము కాదు. అరువది నిండిన పురుషులకు 40 శాతము, ఏబదియెనిమిది నిండిన స్త్రీలకు 50 శాతము చొప్పున రైలుచార్జీలలో ఉండిన రాయితీని 2020 మార్చిలో కోవిడు కారణముగా నిలిపివేసిరి. మహమ్మారి తొలగిన తరువాత ఏండ్లు గడచినను పునరుద్ధరింపలేదు. కనీసము స్లీపరు, మూడవ ఏసీ తరగతులలోనైన ఇయ్యవలెనని పార్లమెంటు స్థాయిసంఘము చేసిన సిఫారసు న్యాయమైనది. విమానమెక్కలేని వృద్ధునకు రైలే పుష్పకము. కార్మికుల కనీస పింఛనును ధరలకు ముడివేయవలయును. అరువది దాటినవారు ఉన్న యొక్క యింటినమ్మి చిన్నయిల్లు కొన్నప్పుడు స్టాంపు సుంకములో మన రాష్ట్రప్రభుత్వములు సగమైన తగ్గించుట యుచితమని మా సూచన. పెద్దయిండ్లు పెద్దకుటుంబములకు దక్కును; వృద్ధుల చేతిలో కొంత సొమ్ము నిలుచును; ఖజానాకు వచ్చు నష్టము స్వల్పము.

మా తాత్పర్యమిది. నెలసరి జీవిక స్థిరపడిన పిమ్మట ఇంటిని సవరించుకొనుడు. ఇంటి హక్కును తుదివఱకు చేతిలో నుంచుకొనుడు. మిగిలినదానిలో యాత్రకు భాగమేర్పఱచి దానిని వాయిదా వేయక వినియోగింపుడు. ఈ వరుసను విరమణకు ఐదేండ్లు ముందుగనే భార్యాభర్తలు కలిసి కూర్చుండి నిర్ణయించుకొని, పిల్లలకును తెలియజెప్పవలయును. పిల్లలు వినవలసినదియు నొకటి కలదు. తల్లిదండ్రులు తమ సొమ్ము తాము తిని, తమ యింట తాముండి, తమ కోరిక తాము తీర్చుకొనుట వారసత్వమునకు లోటు కాదు. ఎవరిని చేయిచాచి యడుగక గడచిన వార్ధకముకంటె విలువైన యాస్తిని ఏ తల్లిదండ్రులును పిల్లల కీయజాలరు.